గ్రహణానికి తలుపులు మూసి, మందు చేలోకి పంపే సమాజం

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను మన ఊళ్లలో 'గ్రహణం మొర్రి' అంటారు. కారణం పేరులోనే చెప్పేశారు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి గ్రహణం చూసిందట. అందుకే నేటికీ గ్రహణం రోజున గర్భిణిని గదిలో కూర్చోబెట్టి తలుపులు వేస్తారు. కత్తి పట్టుకోవద్దంటారు, కూర తరగొద్దంటారు, కదలకుండా పడుకోమంటారు. మర్నాడు పొద్దున్నే అదే గర్భిణి కలుపు తీతకు వెళ్తుంది. ఆ చేలో ముందురోజు సాయంత్రం ఏ మందు కొట్టారో ఆమెకు చెప్పేవాళ్లుండరు. అడిగేవాళ్లూ ఉండరు.

గ్రహణానికీ పెదవి చీలికకూ ఏ సంబంధమూ లేదు. గర్భంలో ఉన్న బిడ్డకు బయటి నుంచి వచ్చే ముప్పు మాత్రం నిజమే. అది కొన్ని రసాయనాల్లో, కొన్ని మాత్రల్లో, కొన్ని జబ్బుల్లో, కలుషితమైన నీటిలో ఉంది. ఆ ముప్పు అందరి మీదా సమానంగా పడదు. ఎవరి ఒళ్లు ఎక్కడ పనిచేస్తుంది, ఎవరి ఇల్లు ఏ పొలం గట్టున ఉంది, ఎవరికి ఆ రోజు కూలి మానుకునే వీలుంది అన్న దాన్ని బట్టి పడుతుంది. మన దగ్గర ఈ మూడింటినీ నిర్ణయించేది చాలావరకు కులం. కాబట్టి పుట్టుకతో వచ్చే లోపాల గురించి మాట్లాడాలంటే కులం గురించి కూడా మాట్లాడాల్సిందేనని మేం అనుకుంటున్నాం.

నెల తప్పిందని తెలిసేలోపే

ముందు శరీరం లెక్క చూద్దాం. బిడ్డ వెన్నుపాము, మెదడుగా మారే గొట్టం గర్భం దాల్చిన 28 రోజుల్లోపే మూసుకుపోవాలి. మూసుకోకపోతే వెన్నుపూస చీలిక లాంటి లోపాలు వస్తాయి. గుండె, కళ్లు, చేతులు, కాళ్లు, పెదవులు, అంగిలి రూపు దిద్దుకునేది ప్రధానంగా మూడో వారం నుంచి ఎనిమిదో వారం దాకా. అంటే నెల తప్పిందని తల్లి గమనించి, నిర్ధారించుకుని, ఆశా కార్యకర్త వచ్చి పేరు రాసుకునేసరికే అవయవాల నిర్మాణం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భం రాకముందు నుంచే వేసుకోవాలని వైద్యులు చెప్పేది ఇందుకే.

ఈ పాఠాన్ని ప్రపంచం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది. 1957లో పశ్చిమ జర్మనీలో గ్రునెంతాల్ కంపెనీ థాలిడోమైడ్ అనే నిద్ర మాత్రను అమ్మకానికి తెచ్చింది. వేవిళ్లకు కూడా మంచిదని గర్భిణులకు ఇచ్చారు. 1961 చివర్లో దాన్ని వెనక్కి తీసుకునేలోపు అనేక దేశాల్లో 10,000 మందికి పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. గర్భం దాల్చిన 20వ రోజుకీ 36వ రోజుకీ మధ్య ఆ మాత్ర వేసుకున్న తల్లుల బిడ్డలకే ముప్పు ఎక్కువ. ఏ రోజున తీసుకున్నారన్న దాన్ని బట్టి ఏ అవయవం దెబ్బతింటుందో కూడా తేలింది. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారిణి రుజువులు చాలవని దస్త్రం మీద సంతకం పెట్టలేదు. ఆ దేశం చాలావరకు బయటపడింది.

అంతకుముందు వైద్యులు సైతం మాయ ఒక జల్లెడలా విషాన్ని ఆపేస్తుందనీ, బిడ్డకు చేరనివ్వదనీ నమ్మేవారు. జపాన్‌లోని మినమాటాలో ఆ నమ్మకమూ కూలింది. చిస్సో కంపెనీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి జాలర్ల ఒంట్లోకి చేరింది. 1956లో జబ్బు అధికారికంగా బయటపడింది. పెద్దగా లక్షణాలు లేని తల్లులకు కూడా తీవ్రమైన నరాల దెబ్బతో పిల్లలు పుట్టారు. తల్లి ఒంట్లోని పాదరసం మాయను దాటి బిడ్డకు చేరిందని డాక్టర్ హరాదా మసాజుమి వంటివారు చూపించారు. అక్కడి కుటుంబాలు ఎండబెట్టి దాచుకున్న బొడ్డుతాళ్లలో పాదరసం మోతాదులు కొలిచి సాక్ష్యం సంపాదించారు. అక్కడ కూడా ముందు దెబ్బతిన్నది పేద జాలరి కుటుంబాలే. మొదట్లో అంటురోగమని ఊరు వెలివేసింది కూడా వాళ్లనే.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పుట్టుకతో వచ్చే లోపాలన్నిటికీ రసాయనాలే కారణమని మేం అనడం లేదు. చాలా సందర్భాల్లో ఒక్క కారణం అంటూ తేలదు. జన్యువులు, మేనరికం, గర్భంలో ఉండగా సోకే రుబెల్లా, ఫోలేట్ లోపం, అదుపులో లేని షుగరు, మద్యం, వాల్‌ప్రోయేట్ లాంటి కొన్ని మూర్ఛ మందులు, ఇవన్నీ లెక్కలో ఉన్నాయి. (మూర్ఛ మందులు వాడేవారు భయపడి సొంతంగా మానేయకూడదు, గర్భానికి ముందే డాక్టర్‌తో మాట్లాడి మార్చుకోవాలి.) ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పుట్టుకతో వచ్చే లోపాల వల్ల ఏటా దాదాపు 2,40,000 మంది శిశువులు పుట్టిన 28 రోజుల్లోపే చనిపోతున్నారు. తీవ్రమైన లోపాల్లో పదింట తొమ్మిదికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాల్లోనే. జన్యువులే అంతా అయితే ఇంత తేడా ఉండదు. తిండి, వైద్యం, పని, పరిసరాలు ఈ తేడాలో భాగం.

మన ఆస్పత్రుల్లో అలాంటి బిడ్డ పుడితే తల్లిని ముందు అడిగే మాట "మేనరికమా అమ్మా?" అని. అడగాల్సిన ప్రశ్నే. మేనరికం నిజంగా ముప్పు పెంచుతుంది. అయితే "ఏం పనికి వెళ్తావమ్మా? ఏ చేలో? మందు కలిపావా?" అన్న ప్రశ్న దాని పక్కన వినిపించదు. కారణం ఎప్పుడూ ఆ కుటుంబం రక్తంలోనో, ఆ తల్లి నడతలోనో, గత జన్మ కర్మలోనో ఉంటుంది. పొలం యజమానిలోనూ, మందు కంపెనీలోనూ, సర్కారులోనూ ఉండదు.

చేలో ఎవరుంటారు?

2011 జనగణన ప్రకారం దేశంలో ఎస్సీ శ్రామికుల్లో దాదాపు 46 శాతం వ్యవసాయ కూలీలు. సొంతంగా సాగు చేసుకునేవారు 15 శాతం లోపే. 2015-16 వ్యవసాయ గణనలో ఎస్సీల చేతిలో ఉన్న సాగు భూమి 9 శాతం లోపే. భూమి ఉన్నవాడికి మందు ఎప్పుడు కొట్టాలో నిర్ణయించుకునే అధికారం ఉంటుంది. కొట్టిన రోజున తన ఇంటి ఆడవాళ్లను చేలోకి రానివ్వకుండా ఆపుకునే వీలు ఉంటుంది. కూలికి వెళ్లే మనిషికి మేస్త్రీ చెప్పిన చేనే చేను, చెప్పిన రోజే రోజు.

మందు కొట్టేది మగవాళ్లే కదా అని ఒక మాట వినిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పత్తి ఊళ్లలో 2003లో జరిగిన ఒక అధ్యయనం దీనికి జవాబిచ్చింది. 50 మంది ఆడవాళ్లు, 47 మంది మగవాళ్లు సీజన్ పొడవునా మందు పని చేసిన ప్రతిసారీ తమకు ఏమైందో నమోదు చేశారు. అలా నమోదైన 323 సందర్భాల్లో పదింట ఎనిమిదికి పైగా తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, వణుకు లాంటి విష లక్షణాలు కనిపించాయి. చిక్కటి మందును నీళ్లలో కలిపేది, ట్యాంకులు నింపి అందించేది ఎక్కువగా ఆడవాళ్లు. నేరుగా పంపు భుజాన వేసుకున్న మగవాళ్లకు ఎంత ముప్పో వాళ్లకూ అంతే ముప్పని ఆ అధ్యయనం తేల్చింది. తీవ్రమైన విష ప్రభావం భూస్వాముల కంటే చిన్న, సన్నకారు పేదలకే ఎక్కువగా కలిగిందని కూడా చెప్పింది.

దీనికంటే ముందే, 1991లో, హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం జన్యుశాస్త్ర పరిశోధకులు మరో కోణం చూపించారు. పత్తి చేలలో భర్తలు మందు కొట్టే వెయ్యికి పైగా జంటలను, మందు పని లేని అన్నే జంటలతో పోల్చారు. మందు పనిలో ఉన్న జంటల్లో గర్భస్రావాలు, చనిపోయి పుట్టడాలు, పుట్టిన కొద్ది రోజుల్లో మరణాలు, పుట్టుకతో వచ్చే లోపాలు ఎక్కువగా ఉన్నాయని ప్రచురించారు. అంటే తల్లి చేలోకి అడుగు పెట్టకపోయినా తండ్రి ద్వారా బిడ్డకు ముప్పు రావచ్చు. మందు తడిసిన చొక్కా ఉతికేది ఎవరో, ఆ చొక్కాతోనే నాన్న ఎత్తుకునే పసిబిడ్డ ఎవరో కూడా ఆలోచించాలి. మన గడ్డ మీద, మన విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన ఇది. మూడు దశాబ్దాలు దాటినా గర్భిణుల ఆరోగ్య కార్యక్రమాల్లో దాని జాడ కనిపించదు.

ఇవాళ పత్తి ఏరే చేతులు, మిరపకాయలు కోసే చేతులు ప్రధానంగా ఆడవాళ్లవే. గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి. చేల పక్కనే గుడిసెలు వేసుకుంటారు, అక్కడి నీళ్లే తాగుతారు, కోసిన చేతులతోనే అన్నం తింటారు. మిరప ఎంత మందు తాగే పంటో వ్యవసాయం తెలిసిన అందరికీ తెలుసు. ఇక సొంత ఊళ్లో ఉన్నా వాడ సాధారణంగా ఊరి చివరే ఉంటుంది, పొలాలను ఆనుకుని. గాలికి ఎగిరొచ్చిన మందు ముందు చేరేది అక్కడికే. మనుషుల్ని ఊరి అంచున పెట్టిన అంటరానితనం, విషానికి కూడా వాళ్లనే దగ్గర చేసింది.

ఆకుపచ్చ త్రికోణం అబద్ధం

మందు డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఎరుపు అంటే అత్యంత విషం, ఆకుపచ్చ అంటే తక్కువ విషం అని రైతులకు శిక్షణల్లో చెబుతారు. ఆ రంగును నిర్ణయించేది ఒకే ఒక్క కొలత: ఎంత మోతాదు తాగితేనో, చర్మానికి తగిలితేనో ప్రయోగశాల జంతువుల్లో సగం చనిపోతాయి అన్నది. తక్కువ మోతాదులో పదేపదే తగిలితే గర్భంలోని బిడ్డకు ఏమవుతుందన్నది ఆ రంగులో ఎక్కడా లేదు.

బెనోమిల్ అనే శిలీంద్రనాశినిని చూడండి. తాగినా వెంటనే చంపే గుణం చాలా తక్కువ కాబట్టి, ఆ కొలత ప్రకారం అది ఆకుపచ్చ కిందికే వస్తుంది. జంతువుల్లో మాత్రం అది పిండం కళ్లను, మెదడును దెబ్బతీస్తుందని తేలింది. గర్భంతో ఉండగా ఆ మందు మీద పడిందనీ, అందుకే బిడ్డ కళ్లు లేకుండా పుట్టాడనీ ఫ్లోరిడాలో ఒక తల్లి వేసిన కేసులో జ్యూరీ డూపాంట్ కంపెనీకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 2003లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టింది. డూపాంట్ 2001లోనే ఆ మందు అమ్మకం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. మన దేశం దాన్ని నిషేధించింది 2018 ఆగస్టులో. పదిహేడేళ్ల తేడా.

డినోకాప్ కథ ఇంకా పొడవైంది. బూడిద తెగులుకు వాడే ఈ మందు ప్రయోగశాల జంతువుల్లో పుట్టు లోపాలు కలిగిస్తోందని అమెరికా పర్యావరణ సంస్థ 1980ల మధ్యలోనే ప్రత్యేక సమీక్షకు పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2020 మేలో 27 మందులను నిషేధిస్తామని ముసాయిదా విడుదల చేసింది. అందులో డినోకాప్ ఉంది. కంపెనీలు అభ్యంతరాలు చెప్పాయి, కమిటీలు కూర్చున్నాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి 27లో పూర్తిగా నిషేధించింది డినోకాప్‌తో కలిపి మూడింటినే. మోనోక్రోటోఫాస్‌లో ఒక రకాన్ని దశలవారీగా ఆపేస్తామన్నారు. అదే ముసాయిదాలో ఉన్న క్లోర్‌పైరిఫాస్ నిషేధం నుంచి బయటపడింది.

క్లోర్‌పైరిఫాస్ చెందిన ఆర్గానోఫాస్ఫేట్ కుటుంబం గురించి కాలిఫోర్నియాలోని సాలినాస్ లోయలో జరిగిన పరిశోధన తెలుసుకోదగ్గది. అక్కడి వ్యవసాయ కూలీ కుటుంబాల తల్లులను గర్భం నుంచే అనుసరించారు. గర్భంలో ఉండగా తల్లి మూత్రంలో ఈ మందుల ఆనవాళ్లు అత్యధికంగా ఉన్న పిల్లల ఐక్యూ, అత్యల్పంగా ఉన్నవారి కంటే ఏడేళ్ల వయసులో సగటున ఏడు పాయింట్లు తక్కువగా ఉందని 2011లో ప్రచురించారు. ఇది కంటికి కనిపించే లోపం కాదు. చేతులు, కాళ్లు బాగానే ఉంటాయి. బడిలో వెనకబడితే మాత్రం మన టీచర్లు ఏమంటారో మనకు తెలుసు. తెలివి కులాన్ని బట్టి వస్తుందనే మాటకు విషం కూడా ఇలా సాక్ష్యం సమకూర్చి పెడుతుంది.

రుజువు భారం ఎవరి మీద?

విషం చల్లినవాడు అది హానికరం కాదని నిరూపించాలా, తాగినవాడు హాని జరిగిందని నిరూపించాలా? కేరళలోని కాసరగోడ్ ఈ ప్రశ్నను మన ముందు పెట్టింది.

అక్కడ ప్రభుత్వ రంగ ప్లాంటేషన్ కార్పొరేషన్ జీడిమామిడి తోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లించింది. గుట్టల మీద తోటలు, లోయల్లో ఇళ్లు, బావులు, వాగులు. ఎన్మకజె, పడ్రె లాంటి చోట్ల పుట్టుకతో వచ్చే లోపాలు, మూర్ఛలు, మానసిక ఎదుగుదల సమస్యలు ఎక్కువగా ఉన్నాయని మొదట గమనించింది స్థానిక వైద్యుడు డాక్టర్ మోహన్ కుమార్. 1998లో లీలాకుమారి అమ్మ అనే వ్యవసాయ శాఖ ఉద్యోగిని కోర్టుకు వెళ్లి చల్లడం ఆపించేందుకు పోరాడారు. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అధ్యయనం చేసి, మందు ప్రభావానికి గురైన ప్రాంతంలోని పిల్లల్లో నరాల సమస్యలు, పుట్టు లోపాలు పోల్చి చూసిన ఊరి కంటే ఎక్కువని నివేదించింది. ఆ తర్వాత కేంద్రం వేసిన కమిటీలు మాత్రం మందుకూ జబ్బులకూ లంకె నిరూపణ కాలేదన్నాయి. కొందరు శాస్త్రవేత్తలు ఇప్పటికీ ఆ మాటే అంటారు.

2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్‌ను ఆపేసింది. అదే ఏడాది ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ప్రపంచ స్థాయి నిషేధానికి దేశాలు సిద్ధమైనప్పుడు, మన ప్రభుత్వ ప్రతినిధులు ముందు వ్యతిరేకించి, మినహాయింపులు దక్కాకే ఒప్పుకున్నారు. 2017 జనవరి 10న బాధితులకు మూడు నెలల్లో తలా 5 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఐదేళ్ల తర్వాత, 2022లో, 3,700 మందికి పైగా ఉన్న బాధితుల్లో కోర్టు ధిక్కార పిటిషన్ వేసిన ఎనిమిది మందికే డబ్బు చేరిందని తెలిసి అదే కోర్టు కేరళ ప్రభుత్వాన్ని గట్టిగా మందలించాల్సి వచ్చింది.

భోపాల్‌లో కూడా ఇదే వరస. 1984 డిసెంబర్ 2-3 రాత్రి యూనియన్ కార్బైడ్ నుంచి విషవాయువు వచ్చినప్పుడు ఆ ఫ్యాక్టరీకి దగ్గరి బస్తీల్లో గర్భంతో ఉన్న 865 మందిని డాక్టర్ దయా వర్మ బృందం లెక్క తీసింది. వారిలో దాదాపు 43 శాతం మంది గర్భాలు బిడ్డ ప్రాణాలతో పుట్టకుండానే ముగిశాయి. ఆ తర్వాతి తరం పిల్లల కోసం రషీదా బీ, చంపాదేవి శుక్లా తమకు వచ్చిన గోల్డ్‌మన్ బహుమతి సొమ్ముతో చింగారీ ట్రస్ట్ పెట్టుకోవాల్సి వచ్చింది. సర్కారు చేయాల్సిన పని బాధితులే చేసుకున్నారు.

ఒక్కో బిడ్డ విషయంలో "ఈ లోపానికి ఈ మందే కారణం" అని నూటికి నూరు పాళ్లు నిరూపించడం చాలా కష్టం. రక్తంలో మందు కొద్ది రోజుల్లో పోతుంది, బిడ్డ నెలల తర్వాత పుడుతుంది. ఈ శాస్త్రీయ ఇబ్బందినే కంపెనీలు కవచంగా వాడుకుంటాయి. అందుకే ఒక్కో బిడ్డను కాక జనాభా మొత్తాన్ని లెక్కపెట్టే వ్యవస్థ కావాలి. కేన్సర్‌కు 1980ల మొదటి నుంచే ఐసీఎంఆర్ జాతీయ రిజిస్ట్రీ నడుపుతోంది. పుట్టుకతో వచ్చే లోపాలకు ఆ స్థాయి రిజిస్ట్రీ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో లోపాలను గుర్తించి చికిత్సకు పంపుతుంది. అది మంచి పనే. ఆ లోపాలు ఏ మండలంలో, ఏ పంట దగ్గర, ఏ కులం తల్లులకు ఎక్కువన్న లెక్క జనం ముందుకు రాకపోతే కారణం ఎప్పటికీ బయటపడదు. లెక్క లేని చోట నేరం లేదు.

మొదటి మూడు నెలలను మరిచిన చట్టం

1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు వచ్చినప్పుడు బాబాసాహెబ్ అంబేద్కర్ దాన్ని సమర్థిస్తూ మాట్లాడారు. కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశ ప్రయోజనమనీ, దాని భారం యజమానీ సర్కారూ మోయాలనీ వాదించారు. ఆ మరుసటి ఏడాదే బొంబాయి చట్టం వచ్చింది. తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడిగా గని కార్మిక మహిళల ప్రసూతి హక్కుల కోసం కూడా పనిచేశారు.

ఆ సూత్రం మీదే 1961 ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు. ఫ్యాక్టరీలు, గనులు, ప్లాంటేషన్లు, పది మందికి పైగా పనిచేసే సంస్థలకే అది వర్తిస్తుంది. ఇవాళ ఒక చేలో, రేపు ఇంకో చేలో రోజు కూలికి వెళ్లే మనిషికి అందులో చోటు లేదు. అంటే దళిత స్త్రీలలో అత్యధికులు బయటే ఉన్నారు.

చట్టం వర్తించేవారికి కూడా అందులో ఒక గుడ్డి మచ్చ ఉంది. గర్భిణికి శ్రమతో కూడిన, పిండానికి హాని చేసే పని చెప్పకూడదన్న రక్షణ ఉంది. అది అమలయ్యేది ప్రధానంగా కాన్పుకు ముందరి చివరి పది వారాల్లోనే. అవయవాలు ఏర్పడేది మొదటి పది వారాల్లో. 2020 సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ ఏర్పాటునే కొనసాగించింది. చట్టం పొట్ట కనిపించాకే గర్భాన్ని గుర్తిస్తుంది.

నగదు పథకాలదీ అదే తీరు. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు హక్కుగా చెప్పింది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000 రూపాయలిస్తుంది, రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితేనే. అదీ విడతలుగా, షరతులతో. మిరప కోతల సీజన్లో ఒక కూలీ నెల రోజులు పని మానుకుంటే పోయే డబ్బుతో దీన్ని పోల్చి చూసుకోండి. పని మానమని సలహా ఇవ్వడం తేలిక. ఆ కూలి ఎవరు ఇస్తారు?

ఇక 1971 క్రిమిసంహారక మందుల నియమాల ప్రకారం మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు ఇవ్వాలి, పనిలో పెట్టే ముందూ ఆ తర్వాత నిర్ణీత కాలానికోసారీ వైద్య పరీక్షలు చేయించాలి. మన ఊళ్లలో కూలీకి గ్లౌజులు ఇచ్చి, డాక్టర్‌కు చూపించి, అప్పుడు మందు పనికి పిలిచిన యజమాని ఎంతమందికి తెలుసు? యాభై ఏళ్లు దాటినా ఈ నియమం కాగితం దాటలేదు.

ఆడవాళ్లను కాదు, విషాన్ని తీసేయాలి

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. గర్భానికి ముప్పు అని చెప్పగానే ఆడవాళ్లను పనిలోంచి తీసేయడమే పరిష్కారంగా ముందుకు వస్తుంది. అమెరికాలో జాన్సన్ కంట్రోల్స్ అనే బ్యాటరీల కంపెనీ 1982లో అదే చేసింది. సీసం పిండానికి హాని చేస్తుందంటూ, పిల్లలు పుట్టే అవకాశం ఉన్న స్త్రీలందరినీ ఆ పనుల నుంచి నిషేధించింది. సీసం మగవాళ్ల సంతాన శక్తినీ దెబ్బతీస్తుందన్న సంగతి మాత్రం పట్టించుకోలేదు. కార్మిక సంఘం కోర్టుకు వెళ్లింది. ఇది స్త్రీల పట్ల వివక్ష అని 1991లో ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కూలి పోగొట్టి ఇచ్చే రక్షణ, రక్షణ కాదు. ఉస్మానియా పరిశోధన చెప్పినట్టు మందు మగవాడి ఒంటిని కూడా వదలదు. చేలో ఎవరూ విషం పీల్చకుండా చూడటమే అసలు పని.

మరో మాట కూడా చెప్పాలి. వైకల్యంతో పుట్టిన బిడ్డను శాపంగానో, చూపించి జాలి పుట్టించే బొమ్మగానో వాడుకోవడం మాకు సమ్మతం కాదు. ఆ బిడ్డకు బడి, సర్టిఫికెట్, పింఛను, చికిత్స, గౌరవం 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం హక్కులు. ఆ తల్లిదండ్రులు తప్పు చేసినవాళ్లు కారు. వైకల్యం గల మనుషులతో కలిసి బతకడం నేర్చుకుంటూనే, మనుషుల్ని విషానికి గురిచేసే వ్యవస్థను నిలదీయవచ్చు. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఏం అడగాలి, ఏం చేయాలి

మొదటిది, మాతా శిశు సంరక్షణ కార్డులో తల్లిదండ్రులిద్దరి పని, మందుల సంపర్కం గురించి తప్పనిసరి ప్రశ్నలు ఉండాలి. ఆశా, ఏఎన్ఎంలకు దీనిమీద శిక్షణ ఇవ్వాలి. ఖర్చు లేని పని ఇది, ఇష్టం ఉంటే చాలు.

రెండోది, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పుట్టుకతో వచ్చే లోపాలకు రిజిస్ట్రీ పెట్టాలి. చనిపోయి పుట్టిన బిడ్డలనూ, గర్భస్రావాలనూ అందులో లెక్కించాలి. మండలం, పంట, వృత్తి, సామాజిక వర్గం వారీగా వివరాలు, పేర్లు లేకుండా, ప్రజలకు అందుబాటులో పెట్టాలి.

మూడోది, వ్యవసాయ కూలీలకు గర్భం మొదటి నెలల నుంచే వేతనంతో కూడిన రక్షణ కావాలి. కాన్పుల సంఖ్య షరతు ఉండకూడదు. గర్భం ప్లాన్ చేసుకునే స్త్రీలకు ఫోలిక్ యాసిడ్ ముందే అందాలి.

నాలుగోది, డబ్బా మీద రంగు త్రికోణంతో పాటు పిండానికి హాని ఉందా లేదా అన్నది తెలుగులో, బొమ్మతో, పెద్దగా ఉండాలి. మందు కొట్టిన చేలోకి ఎన్ని రోజుల దాకా కూలీలు వెళ్లకూడదో చట్టబద్ధంగా నిర్ణయించి, గట్టు మీద బోర్డు పెట్టించాలి. పాటించని యజమాని మీద, అమ్మిన డీలరు మీద చర్య ఉండాలి. రుజువు భారం కంపెనీ మోయాలి.

సర్కారు కదిలేదాకా ఆగనవసరం లేదు. విద్యార్థులు, కార్యకర్తలు చేయగల పనులున్నాయి. మీ మండలంలో డీలర్లు ఏ మందులు అమ్ముతున్నారో, నిషేధించినవి ఇంకా ఉన్నాయేమో చూడండి. మందుల నియమాల ప్రకారం వైద్య పరీక్షలు ఎంతమందికి జరిగాయో, జిల్లాలో బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎన్ని పుట్టు లోపాలు నమోదయ్యాయో సమాచార హక్కు కింద అడగండి. సున్నా అని జవాబు వస్తే ఆ సున్నానే ప్రచురించండి. జీవశాస్త్రం, వైద్యం చదివే మన పిల్లలు ఉస్మానియా అధ్యయనం ఆగిన చోటు నుంచి మొదలుపెట్టవచ్చు. ఈసారి స్ప్రేయర్ పట్టిన మగవాళ్లతో పాటు కలుపు తీసే, పత్తి ఏరే, మిరప కోసే ఆడవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

వాడల్లోని సమావేశాల్లో ఈ విషయాన్ని భయపెట్టేలా కాక, తెలుసుకునే హక్కుగా చెప్పాలి. "మందు ఎప్పుడు కొట్టారు? ఏ మందు?" అని ముఠా మొత్తం కలిసి అడిగితే మేస్త్రీ జవాబు చెప్పక తప్పదు. ఒక్క ఆడమనిషి అడిగితే రేపటి నుంచి ఆమెను పనికి పిలవరు. అందుకే ఈ ప్రశ్న సంఘం అడగాల్సిన ప్రశ్న. కూలి రేటు కోసం కలిసి నిలబడిన అనుభవం మన వాడలకు ఉంది. బేరంలో ఇకపై ఈ మాట కూడా చేరాలి.